నెల సరుకుల్లో జాడ తెలిసిన రూపాయి ఎంత? – ఒక ప్రాజెక్టు డైరీ

విజయవాడలో నలుగురున్న ఒక ఇంటి ఖర్చును, ఆ డబ్బు చివరికి ఎవరి చేతికి చేరుతోందో తెలిసేలా మార్చే ప్రయత్నం ఇది. తిండి సరుకులు, పాలు, సబ్బులు, శుభ్రం చేసుకునే సామాను నెల పద్దులోకి వస్తాయి. బట్టలకు ఏడాది పద్దు వేరుగా ఉంది. అద్దె, కరెంటు, చదువులు, మందులు లెక్కలో లేవు. ఇదే పని తలపెట్టేవారు పనికిరాని పరీక్షల మీద కాలం, డబ్బు పోగొట్టుకోకూడదనే ఉద్దేశంతో, వదిలేసిన పద్ధతులను కూడా కారణాలతో సహా రాస్తున్నాను.

దశ 1: కొలమానం

మొదట ప్రతి సరుకుకూ నాలుగు అంశాల్లో ఐదేసి మార్కులు వేసే పట్టిక తయారైంది. పుట్టిన చోటు, పనిచేసినవారికి అందిన ప్రతిఫలం, జంతువుల పట్ల వ్యవహారం, మిగిలే చెత్త అనేవి ఆ నాలుగు అంశాలు. ఈ పట్టిక నిలబడలేదు. కాగితపు పెట్టెలో వచ్చే బిస్కెట్లు, గోనె సంచిలోంచి తూచి ఇచ్చిన కందిపప్పు సమానమైన మొత్తంతో తేలాయి. పనిచేసినవారి కూలీలో లోటును కాగితపు పెట్టె భర్తీ చేయలేదు. కొలతలు వేర్వేరు జాతులవైనప్పుడు వాటిని కూడితే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు.

మార్చిన పద్ధతి ఇది:

1. ఆ నాలుగు అంశాలూ అదే వరుసలో నాలుగు ప్రశ్నలుగా ఉంటాయి. జవాబు మాత్రం 'అవును', 'కాదు', 'తెలియదు' అనే మూడింటిలో ఒకటి.
2. పండించినవారు లేదా తయారుచేసినవారు ఫలానా వ్యక్తి అనో, ఫలానా సహకార సంఘం అనో తెలిస్తేనే ఆ సరుకు 'జాడ తెలిసినది'.
3. సగం తెలిస్తే సగం లెక్క కట్టడం లేదు.
4. సరుకుల సంఖ్యను కాక రూపాయలను కూడాలి. లేకపోతే ఏలకులు, లవంగాల వంటి చిన్న సరుకులు మార్చి చాలా సాధించినట్టు కనిపిస్తుంది.

పనిముట్లుగా గ్రాముల దాకా చూపే వంటింటి కాటా, ఒక అంగుళం చదరపు చట్రం ఉన్న భూతద్దం, గీతల పుస్తకం, లేబుళ్లను ఫొటో తీయడానికి ఫోను సరిపోయాయి.

*మొత్తం: నెల ఖర్చు రూ.14,200. జాడ తెలిసినది రూ.1,200, అంటే 8.5 శాతం. అదంతా పక్క వీధిలో గేదెలున్న కుటుంబం దగ్గర కొనే పాలే.*

దశ 2: కూరగాయలు

రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. ధరల బోర్డు రోజూ మారుతుంది, అమ్మే రైతులకు గుర్తింపు కార్డులుంటాయి. అయినా బజారులో కొన్న ప్రతిదీ రైతు చేతి సరుకు కాదు. ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ దూర ప్రాంతాల నుంచి వస్తాయి, వాటిని అమ్మేవారు పండించినవారు కారు. పటమట రైతు బజారులో పాటించిన క్రమం:

1. ఒకటి రెండు రకాలు మాత్రమే తెచ్చి కూర్చున్నవారి దగ్గర ముందు చూడాలి. పది రకాలు పేర్చుకున్నవారు చాలావరకు కొని అమ్మేవారే.
2. ఊరి పేరు అడగాలి. ఊరు చెప్పినవారు సాధారణంగా కోసిన వేళ కూడా చెబుతారు.
3. బోర్డు మీది ధరకు తగ్గించమని బేరమాడకూడదు.

బంగాళాదుంప, ఉల్లి 'తెలియదు' గడిలోనే ఉండిపోయాయి. వాటి వాడకం తగ్గించి కంద, చామ, దోస పెంచడంతో ఈ దశలో ఖర్చు మారలేదు.

*మొత్తం: జాడ తెలిసినది రూ.2,850, ఖర్చులో 20 శాతం.*

దశ 3: నూనె

ఎక్కువ కాలం పట్టిన దశ ఇదే. పామాయిల్ ఉన్న ప్రతి వస్తువునూ ఇంట్లోంచి తీసేయాలన్నది మొదటి నియమం. ఇండోనేషియా, మలేషియాలలో ఆయిల్ పామ్ తోటల కోసం అడవులు నరికిన సంగతి అందరికీ తెలిసినదే. ఇంట్లోని ప్యాకెట్లను వరుసగా పెట్టి లేబుళ్లు చదివితే బిస్కెట్లు, మిక్చరు, నూడుల్స్, చాక్లెట్ పూతలలో 'పామోలిన్', 'పామ్ స్టియరిన్' అనీ, ఒంటి సబ్బులో 'సోడియం పామేట్' అనీ కనిపించాయి.

రెండు కారణాల వల్ల ఈ నియమాన్ని మార్చవలసి వచ్చింది. మొదటిది, ఎకరానికి వచ్చే నూనెలో వేరుశనగ గానీ పొద్దుతిరుగుడు గానీ ఆయిల్ పామ్‌కు దరిదాపుల్లోకి రావు. వాడకం తగ్గించకుండా నూనె మాత్రమే మారిస్తే ఇంకెక్కడో ఇంకా ఎక్కువ నేల కావలసి వస్తుంది. రెండవది మన రాష్ట్రానికే సంబంధించినది. దేశంలో ఆయిల్ పామ్ గెలలు అత్యధికంగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, ఆ పంట మీద కేంద్ర పరిశోధన సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. ఇక్కడి తోటలు ఎక్కువగా సాగునేలలో బోర్ల కింద వేసినవి. కాబట్టి వాటి విషయంలో అడగవలసింది భూగర్భజలం గురించి, గెల ధర గురించి. ప్యాకెట్ మీద 'పామోలిన్' అన్న ఒక్క మాట పెదవేగి రైతునూ, బోర్నియో దీవి అడవినీ వేరు చేసి చూపదు. తేడా చూపలేని లేబుల్‌ను నమ్మి బహిష్కరిస్తే ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో కొనేవాడికి తెలియదు.

అందువల్ల కొత్త నియమం ఇలా తయారైంది. వేపుడు ప్యాకెట్లు మానేయాలి, వంట నూనె మొత్తాన్ని తగ్గించాలి, వాడే నూనెను కళ్లెదుట ఆడించుకోవాలి.

చెక్క గానుగ దగ్గర తూకాలు:

1. వేరుశనగ పప్పు 5 కిలోలు.
2. వచ్చిన నూనె 1.95 కిలోలు, అంటే సుమారు 2.14 లీటర్లు.
3. మిగిలిన చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) 2.8 కిలోలు. పశువుల దాణాకు అమ్మితే రూ.112 వచ్చింది.
4. పప్పు రూ.650, గానుగ కూలి రూ.100. చెక్క డబ్బు తీసేస్తే లీటరు రూ.298 పడింది.

కళ్లెదుట ఆడించినా ఈ నూనె మన లెక్కలోకి రాలేదు. పప్పు ఎక్కడిదని అడిగితే గానుగ యజమాని "రాయలసీమ కాయండీ, మార్కెట్లో కొంటాం, రైతు ఎవరో మాకూ తెలియదు" అన్నారు. ఆయన దాచిందేమీ లేదు, మార్కెట్ యార్డులో సరుకు కలిసిపోయే తీరే అది. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ అండతో ధరణి అనే రైతుల సహకార సంఘం నడుస్తోంది. రసాయనాలు లేకుండా పండించిన సరుకును సభ్యుల నుంచి కొని అమ్మే అలాంటి సంఘాలే ఈ గడికి తగిన జవాబు. సంఘం పప్పు కిలో రూ.160 పడటంతో లీటరు నూనె రూ.368కి పెరిగింది. నెలకు 4 లీటర్ల వాడకాన్ని రెండున్నరకు దించితే గానీ ఈ ధర భరించదగినది కాదు. ఇగురు కూరలు, ఆవిరి కుడుములు పెరిగి, పిండివంటలు పండుగలకు పరిమితమయ్యాయి.

*మొత్తం: నూనె ఖర్చు రూ.600 నుంచి రూ.920కి పెరిగింది, వేపుడు ప్యాకెట్ల రూ.450 తగ్గింది. నెల ఖర్చు రూ.14,070. జాడ తెలిసినది రూ.3,770, 26.8 శాతం.*

దశ 4: గుడ్లు

దుకాణంలో గోధుమ రంగు గుడ్లు 'నాటు' అన్న పేరుతో ఎక్కువ ధరకు అమ్ముతారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పెంచిన తీరును బట్టి కాదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ జాతి కోడి గోధుమ రంగు గుడ్లే పెడుతుంది. బోనుల్లో పెంచే కొన్ని జాతులు కూడా అదే రంగు గుడ్లు పెడతాయి. కాబట్టి రంగు చూసి కొనడం అన్న పద్ధతిని వదిలేయవలసిందే.

ఏ4 కాగితం వైశాల్యం 624 చదరపు సెంటీమీటర్లు. బోనులో ఒక్కో కోడికి దక్కే చోటు సాధారణంగా అంతకన్నా తక్కువ. రెక్క చాపడానికి వీలులేని ఆ జాగాలో కోడి బతుకంతా గడుస్తుంది. ఈ ఒక్క కారణంతోనే జంతువుల పట్ల వ్యవహారం గురించిన మూడో ప్రశ్నకు 'కాదు' అన్న జవాబు వచ్చే గుడ్లను పూర్తిగా మానాలని ఇంట్లో అందరం అనుకున్నాం.

నెలకు 60 గుడ్ల చొప్పున ఏడాదికి 720 కావాలి. ఊళ్లో తిరిగే నాటు కోడి ఏడాదికి 60 నుంచి 80 పెడుతుంది, బోనులోని లేయర్ కోడి 300 దాటుతుంది. అంటే మన ఒక్క ఇంటికి పదో పన్నెండో నాటు కోళ్లు కావాలి. కృష్ణా నది ఆవలి ఊరిలో పెరటి కోళ్లు పెంచే కుటుంబం నెలకు 30 గుడ్లు ఇవ్వగలనంది. కోళ్లు పొదుగుకు కూర్చున్నప్పుడు, ఎండాకాలంలో అవీ తగ్గుతాయి. తగ్గిన గుడ్ల స్థానంలో పెసలు, అలసందలు, సెనగలు వచ్చాయి. గుడ్డు రూ.14 పడినా మొత్తం ఖర్చు పాత రూ.420 దగ్గరే ఆగింది.

*మొత్తం: జాడ తెలిసినది రూ.4,190, 29.8 శాతం.*

దశ 5: అడవి సరుకులు

ఈ దశ తేలిక. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆదివాసీల దగ్గర చింతపండు, తేనె, కుంకుడుకాయలు, కాఫీ గింజలు కొంటుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏ గూడెంలో ఎవరు ఏరారో పొట్లం చెప్పదు. సంఘం దాకా జాడ తెలిస్తే చాలన్న నియమం ప్రకారం ఇవి లెక్కలోకి వచ్చాయి. నెలకు అదనపు ఖర్చు రూ.90.

*మొత్తం: నెల ఖర్చు రూ.14,160. జాడ తెలిసినది రూ.4,970, 35.1 శాతం.*

దశ 6: బట్టలు

ఏడాది పద్దు రూ.24,000. మంగళగిరి దగ్గరలోనే ఉండటంతో చేనేత నూలు బట్టతో మొదలుపెట్టడం సహజం. అసలు చిక్కు చేనేత పేరుతో అమ్మే మరమగ్గపు గుడ్డను గుర్తుపట్టడంలో ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద ఇప్పుడు 11 రకాల వస్త్రాలు, వాటికి నిర్దేశించిన లక్షణాలతో, చేతి మగ్గానికే కేటాయించి ఉన్నాయి. చట్టం ఉన్నా దుకాణపు అర దగ్గర కొనేవాడికి అది కనబడదు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవారు కూడా చాలీచాలని కూలీతో బతికే శ్రామికులేనని ఇక్కడ చెప్పితీరాలి. అభ్యంతరం మరమగ్గం మీద కాదు, ఒకరి శ్రమ పేరుతో ఇంకొకరి శ్రమను అమ్మడం మీద.

ప్రయత్నించిన పరీక్షలు, ఫలితాలు:

1. *పోగు కాల్చడం.* నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పోగు దేనితో తయారైందో ఈ పరీక్ష చెబుతుంది, ఏ మగ్గం మీద నేశారో చెప్పదు. మరమగ్గపు నూలు గుడ్డ ఇందులో నిస్సందేహంగా నెగ్గుతుంది.
2. *అంచు రంధ్రాలు.* నేసేటప్పుడు గుడ్డను బిగువుగా పట్టే సూదుల గుర్తులు అంచుల్లో ఉంటే చేనేత అని చాలామంది చెబుతారు. మరమగ్గంలో కూడా గుడ్డను బిగబట్టే ముళ్ల అమరిక ఉంటుంది. ఒక్క ఈ గుర్తును నమ్మలేం.
3. *పోగుల లెక్క.* భూతద్దపు చట్రంలో అంగుళానికి పేక (అడ్డం) పోగులను ఐదు చోట్ల లెక్కపెట్టాను. మరమగ్గపు గుడ్డలో 64, 64, 65, 64, 64 వచ్చాయి. ఒక చేనేత గుడ్డలో 61 నుంచి 67 దాకా మారాయి. పరీక్ష దొరికిందని అనుకునేంతలో, చేయి తిరిగిన పెద్దాయన గుంట మగ్గం మీద నేసిన గుడ్డలో తేడా 63, 64 మధ్యే ఉంది. నేర్పరి చేతి పనిని యంత్రపు పనిగా కొట్టిపారేసే పరీక్షను ఉంచుకోకూడదు.

గుడ్డను ఎంత పరీక్షించినా తేలదని ఈ మూడింటితో రుజువైంది. తేలాలంటే కాగితాన్నీ మనిషినీ చూడాలి. 2006లో వచ్చిన చేనేత ముద్ర (హ్యాండ్లూమ్ మార్క్) చీటీ మీద ఉందా, రసీదులో సహకార సంఘం పేరు రాశారా, ఆ సంఘం మగ్గాలు చూడనిస్తుందా అన్నవి ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నలు.

మగ్గం దాకా వెళ్లాక రెండో ప్రశ్న ఇంకా లోతైంది. కూలీ పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల వరుస) లెక్కన ఇస్తారు. నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ పడుగు దిగాక డబ్బు కడతాడు. కండెలు చుట్టేది, పోగులు అతికేది ఇంట్లోని ఆడవారు, వారి పనికి విడిగా కూలీ ఉండదు. ఒక ఇంట్లో ఆవిడ కండె చుడుతూనే "మగ్గం ఆయనదే, కూలీ కూడా ఆయన పేరనే. నేను చేసేది లెక్కలోకి రాదమ్మా" అని మా ఇంటావిడతో అన్నారు. చీటీ మీద ఏ ముద్రా ఈ మాట చెప్పదు. నా పట్టికలో 'పనిచేసినవారికి ప్రతిఫలం' అన్న గడిని అప్పటి నుంచి రెండుగా చీల్చాను. నేసినవారు ఒక గడి, సాయం పట్టినవారు రెండో గడి. రెండో గడి ఇప్పటిదాకా 'కాదు' అనే ఉంది, దాన్ని 'అవును' చేయడం ఒక్క కొనుగోలుదారు వల్ల అయ్యేది కాదు. సంఘం నడిపేవారిని ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాను.

కొనే తీరులో చేసిన మార్పులు:

1. పడుగు వేయకముందే రంగు, గజాలు చెప్పి సగం డబ్బు ముందే ఇవ్వడం. నూలు కొనడానికి అప్పు చేయవలసిన అవసరం అంత మేరకు తగ్గుతుంది.
2. కుట్టించే ముందు తడపడం. 2.50 మీటర్ల గుడ్డ ఉతికాక 2.41 మీటర్లకు కుదించుకుంది, అంటే 3.6 శాతం. తడపకుండా కుట్టిన చొక్కా బిగుతై మూలపడితే అన్ని శ్రమలూ వృథా.
3. ముదురు రంగు గుడ్డ మూలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు దిగితే విడిగా ఉతకడం.

పిల్లల బడి యూనిఫారం కోసం బడి చెప్పిన మిశ్రమ గుడ్డే కొనాలి. ఆ డబ్బు 'తెలియదు' గడిలోనే ఉంది.

*మొత్తం, ఏడాది బట్టల పద్దు: రూ.24,000లో జాడ తెలిసినది రూ.9,300, దాదాపు 39 శాతం.*

దశ 7: ప్యాకెట్లు, లేబుల్ మాటలు

వారానికి పోగైన ప్యాకింగ్ చెత్త మొదట్లో 1,140 గ్రాములు. వేపుడు ప్యాకెట్లు పోవడం, స్టీలు డబ్బాలు పట్టుకెళ్లి పప్పులు తూయించుకోవడం వల్ల 620 గ్రాములకు దిగింది. 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులు నిషిద్ధమైనా కొట్టులో అవి చేతికందుతూనే ఉంటాయి కాబట్టి, సంచి మరిచిపోయిన రోజు కొనకుండా వెనక్కి రావడమే నియమంగా పెట్టుకున్నాం.

ఇక్కడే ఒకటో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ పొసగలేదు. విడి పప్పుకు చెత్త లేదు, జాడ కూడా లేదు. ప్యాకెట్ పప్పుకు తయారీదారు చిరునామా, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉంటాయి, చెత్త మిగులుతుంది. కిరాణా కొట్టు ఆయన్ను అడిగి బస్తా మీది ట్యాగును ఫొటో తీసుకున్నాను. "బస్తా చూపిస్తానండీ, అందులో ఎవరి పంట ఉందో మిల్లు వాళ్లకే తెలియాలి" అన్నారాయన. మిల్లు పేరు తెలిసింది, రైతు తెలియలేదు. నియమం ప్రకారం పప్పు ఇంకా లెక్క బయటే ఉంది.

అంట్ల సబ్బు మీద 'పర్యావరణ హితం' అని రాసిన ఒక తయారీదారుకు ఆ మాటకు ఆధారమేమిటని రాస్తే జవాబు రాలేదు. 2024 అక్టోబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మాటలకు ఆధారం చూపవలసిన బాధ్యత చెప్పినవారిదే. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు ముందు లేబుల్ ఫొటో, రసీదు, రాసిన ఉత్తరం మూడూ దగ్గరుంచుకోవాలి.

*మొత్తం: రూపాయల్లో మార్పు లేదు. వారపు చెత్త 620 గ్రాములు.*

దశ 8: బియ్యం

నెలకు 25 కిలోలు, రూ.1,400. ఈ పద్దు కదిలితేనే శాతం గట్టిగా కదులుతుంది. ప్రకృతి సాగు చేసే ఒక రైతు దగ్గర రెండు బస్తాలు, అంటే 150 కిలోల ధాన్యం, కిలో రూ.30 చొప్పున తీసుకున్నాం. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు రూ.2,300. దానికన్నా క్వింటాలుకు రూ.700 ఎక్కువ ఆ రైతుకే నేరుగా అందింది.

ఊళ్లోని చిన్న మిల్లులో ఆడించిన లెక్క:

1. బియ్యం 96 కిలోలు, నూకలు 7, తవుడు 12, ఊక 35.
2. ధాన్యం రూ.4,500, ఆడించిన కూలి రూ.300, రవాణా రూ.600.
3. తవుడు అమ్మితే వచ్చినది రూ.240. నికర ఖర్చు రూ.5,160.
4. నూకలను పక్కన పెట్టి చూసినా కిలో బియ్యం రూ.53.75. కొట్టులో కొనే బియ్యం కిలో రూ.56.

ధర కలిసొచ్చినా నిల్వ కలిసి రాలేదు. తక్కువ పాలిష్ పట్టిన బియ్యంలో మూడో నెలకే పురుగు పడింది. వేపాకు, ఎండు మిరపకాయలు దాన్ని ఆలస్యం చేశాయే తప్ప ఆపలేదు. తవుడు పొర మిగిలిన బియ్యం నిల్వకు ఆగదు, ధాన్యంగా ఉంటే ఆగుతుంది. అందువల్ల ఇప్పుడు రెండు బస్తాలను మూడు ఇళ్లవాళ్లం పంచుకుంటున్నాం. ఒక్కో ఇంటికి 32 కిలోల బియ్యం వస్తాయి, అవి పురుగు పట్టేలోపే అయిపోతాయి. తరువాత కావలసిన ధాన్యం రైతు ఇంటి గాదెలోనే ఉంటుంది, నిల్వ ఉంచినందుకు బస్తాకు ఇంత అని ఆయనకు విడిగా ఇస్తున్నాం.

*మొత్తం: నెల ఖర్చు రూ.14,100. జాడ తెలిసినది రూ.6,310, 44.8 శాతం.*

లెక్క బయట మిగిలిన పెద్ద పద్దులు కందిపప్పు, మినప్పప్పు, పంచదార, ఉల్లి, సబ్బులు. కంది కోతలు సంక్రాంతి ముందు నుంచీ మొదలవుతాయి. బియ్యానికి కలిసిన మూడు ఇళ్లే కందులను కూడా కళ్లం దగ్గర కొని తిరగలి మిల్లులో పప్పు చేయించుకోవాలని మాట్లాడుకున్నాం. కిలో కందులకు ఎంత పప్పు దిగుతుందో, పొట్టు, నూక ఎంత పోతుందో తూచాక ఆ తూకాలు తరువాతి భాగంలో రాస్తాను.